రిపోర్ట్‌లో ‘నార్మల్’ అని ఉంది, రాత్రిళ్లు మాత్రం పిల్లికూతలు. ఈ ఊదే పరీక్ష అంకెలు ఎలా చదవాలి?

నీలిమ_34:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఏమనుకోకండి.

నాకు 34 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. సిగరెట్ అలవాటు లేదు. జలుబు చేసి తగ్గిపోయింది గానీ దగ్గు మాత్రం నెలలు గడుస్తున్నా వదలడం లేదు. పగలు బాగానే ఉంటాను. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో దగ్గుతో మెలకువ వచ్చేస్తుంది. ఛాతీ ఎవరో బిగించి కట్టినట్టు ఉంటుంది, ఊపిరి వదులుతుంటే సన్నగా పిల్లికూతలు నాకే వినిపిస్తాయి. లేచి కూర్చుంటే ఓ అరగంటకి సర్దుకుంటుంది. గట్టిగా నవ్వినా దగ్గు తెర ఒకటి వస్తుంది.

డాక్టరు గారు విని, ‘ఇప్పుడు ఛాతీలో ఏమీ వినపడటం లేదు, కానీ మీరు చెప్పేదాన్ని బట్టి ఆస్తమా కావచ్చు’ అన్నారు. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ పొద్దున, రాత్రి వాడమన్నారు. స్పైరోమెట్రీ అనే ఈ ఊదే పరీక్ష కూడా రాశారు. నాకు డేట్ దొరికేసరికి ఇన్‌హేలర్ మొదలుపెట్టి రెండు వారాలు దాటింది. రాత్రి దగ్గు సగానికి సగం తగ్గిందనే చెప్పాలి.

రిపోర్ట్‌లో ఉన్నవి ఇవి:

ఎఫ్‌వీసీ: మందుకి ముందు 3.28 లీటర్లు (96%), మందు తర్వాత 3.32. ఎఫ్‌ఈవీ1: ముందు 2.49 లీటర్లు (86%), తర్వాత 2.69. ఈ రెండింటి నిష్పత్తి ముందు 76, తర్వాత 81. పక్కన ‘ఎల్‌ఎల్‌ఎన్’ అని ఒక గడి ఉంది, అందులో నిష్పత్తికి ఎదురుగా 74 అని ఉంది. మార్పు 8%. అడుగున ‘స్పైరోమెట్రీ నార్మల్, చెప్పుకోదగ్గ రివర్సిబిలిటీ లేదు’ అని రాశారు.

మళ్లీ డాక్టరు గారిని కలవడానికి ఇంకా టైముంది. ఈలోగా ఇంట్లో అందరూ ‘నార్మల్ వచ్చిందిగా, ఇంక ఆ ఇన్‌హేలర్ దేనికి’ అంటున్నారు. ఇంతకీ నాకు ఆస్తమా ఉన్నట్టా, లేనట్టా? ఈ అంకెల్లో ఏది చూడాలి?

హరి_కె:

రిపోర్ట్‌లో నార్మల్ అని అంత స్పష్టంగా రాశాక ఇంక అనుమానం దేనికండీ? మిషన్ అబద్ధం చెప్పదుగా. మా బంధువుల్లో ఒకాయన అనవసరంగా ఇన్‌హేలర్ మొదలుపెట్టి ఇప్పుడు అది లేకుండా ఉండలేకపోతున్నాడు. అలవాటు పడకముందే ఆపేయండి. జలుబు తర్వాత దగ్గు కొన్నాళ్లు ఉండటం మామూలే.

పాత_ఉబ్బసం:

హరి గారూ, అంత తేలిగ్గా ఆపేయమని చెప్పకండి. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బాగున్న రోజుల్లో పోయి ఊదితే నా రిపోర్టులు కూడా నిక్షేపంలా ఉంటాయి. అదే దుమ్ము దులిపిన మర్నాడో, జలుబు పట్టినప్పుడో ఊదిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మీ బంధువుకి ఇన్‌హేలర్ లేకపోతే ఆయాసం వస్తోందంటే జబ్బు ఉంది కాబట్టి వస్తోంది, మందు అలవాటై కాదు. కళ్లజోడు తీస్తే మసకగా కనిపిస్తే కళ్లజోడు అలవాటు పడిందంటామా?

నీలిమ గారూ, ఇక్కడ ఒకాయన ఈ పరీక్షలు చేయించే టెక్నీషియన్ ఉండాలి, ఆయన చూస్తే బాగా చెప్తారు.

ఊదించేవాడు:

పిలిచారు కాబట్టి వచ్చాను. నేను డాక్టర్ని కాను, ఊపిరితిత్తుల పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రోజంతా ‘ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపకండి’ అని అరవడమే నా ఉద్యోగం. మీకు ఆస్తమా ఉందో లేదో చెప్పాల్సింది మీ డాక్టరే. కాగితం ఎలా చదవాలో మాత్రం చెప్పగలను.

దానికి ముందు నాకు మూడు సంగతులు కావాలి. పరీక్ష రోజు పొద్దున ఇన్‌హేలర్ తీసుకున్నారా, తీసుకుంటే ఎన్నింటికి? రిపోర్ట్‌లో ‘గ్రేడ్’ అని ఎక్కడైనా ఏ, బీ లాంటి అక్షరం ఉందా? మీ ఎత్తు, వయసు రిపోర్ట్‌లో సరిగ్గానే పడ్డాయా?

నీలిమ_34:

తొందరగా స్పందించినందుకు థాంక్సండీ. ఇన్‌హేలర్ ఏడింటికి తీసుకున్నాను, పరీక్ష పదిన్నరకి. మానమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గ్రేడ్ అంటే ఎఫ్‌ఈవీ1కి ఏ అని, ఎఫ్‌వీసీకి బీ అని ఉంది. ఒకసారి ఊదుతుంటే చివర్లో దగ్గు వచ్చి మధ్యలోనే ఆపేశాను, దానివల్లనేమో. ఎత్తు, వయసు సరిగ్గానే ఉన్నాయి.

ఊదించేవాడు:

అదీ సంగతి. నేను అనుకున్నదే.

ముందు అంకెల సంగతి చూద్దాం. మీరు గుండెల నిండా గాలి పీల్చి, బలంగా మొదలుపెట్టి, ఇంక లేదనేదాకా ఊదితే బయటికొచ్చిన మొత్తం గాలి ఎఫ్‌వీసీ. మీకది 3.28 లీటర్లు. అందులో మొదటి ఒక్క సెకనులో వచ్చింది ఎఫ్‌ఈవీ1, మీకు 2.49. మొత్తం గాలిలో మొదటి సెకను వాటా ఎంత అన్నదే నిష్పత్తి. 2.49ని 3.28తో భాగించండి, 0.76 వస్తుంది, అదే రిపోర్ట్‌లోని 76. ఆస్తమాలో ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. లోపల గాలి ఉంటుంది, బయటికి రావడానికే టైము పడుతుంది. అందుకని మొదటి సెకను వాటా తగ్గుతుంది, అంటే నిష్పత్తి కిందికి దిగుతుంది. ఆస్తమా అనుమానం ఉన్నప్పుడు నా కళ్లు ముందుగా ఆ గడి మీదే పడతాయి.

పక్కన బ్రాకెట్లలో ఉన్న శాతాలు చూసి చాలామంది పరీక్ష మార్కులనుకుంటారు. ‘86 వచ్చిందండీ, ఫర్వాలేదా?’ అని అడుగుతారు. మీ వయసు, ఎత్తు, మగా ఆడా అన్నదాన్ని బట్టి ఇంత ఉండాలని మిషన్ ఒక అంచనా వేస్తుంది. దానితో పోలిస్తే మీది ఎంత అన్నదే ఆ శాతం. అందుకే ఎత్తు అడిగాను. ఎత్తు ఓ పది సెంటీమీటర్లు ఎక్కువ కొట్టారంటే అంచనా పైకి పోతుంది, బాగున్న మనిషి శాతం కూడా తగ్గి కనిపిస్తుంది. నోటితో చెప్పిన ఎత్తు నేను నమ్మను, చెప్పులు విప్పించి కొలుస్తాను.

ఎల్‌ఎల్‌ఎన్ అంటే నార్మల్‌కి కింది హద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని మీ వయసు, ఎత్తు వాళ్లని వరుసగా నిలబెడితే అట్టడుగు 5 శాతం మంది ఎక్కడ ఉంటారో ఆ గీత. మీ నిష్పత్తికి ఆ గీత 74, మీరున్నది 76. గీతకి పైనే ఉన్నారు, కాబట్టి రిపోర్ట్ రాసినవారు నార్మల్ అనడంలో తప్పేమీ లేదు. కాకపోతే గీతని ఆనుకుని ఉన్నారు. మందు పీల్చాక 81కి ఎక్కారు. ఈ కదలిక నాకు ఊరికే అనిపించడం లేదు.

ఇక అసలు చిక్కు. రివర్సిబిలిటీ పరీక్షలో ఏం చేస్తాం? మొదట ఊదిస్తాం. తర్వాత సాల్బుటమాల్ పఫ్‌లు, మామూలుగా 200 నుంచి 400 మైక్రోగ్రాములు, పీల్పించి 10 - 15 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తాం. బిగుసుకున్న గొట్టాలు మందుతో తెరుచుకుంటే ఎఫ్‌ఈవీ1 పెరుగుతుంది. పెద్దవాళ్లలో అది కనీసం 12 శాతం, దాంతోపాటు కనీసం 200 మిల్లీలీటర్లు పెరగాలి. రెండూ కావాలి, ఒకటి చాలదు. మీకు సరిగ్గా 200 మిల్లీలీటర్లు పెరిగింది, శాతంలో చూస్తే 8. అందుకే ‘లేదు’ అని రాశారు.

కానీ మీ ఇన్‌హేలర్లో ఫార్మోటెరాల్ ఉంది. అదీ గొట్టాలు తెరిచే మందే, దాదాపు 12 గంటలు పనిచేస్తుంది. మీరు ఏడింటికి పీల్చి పదిన్నరకి ఊదారు. అంటే ‘మందుకి ముందు’ అని మేం రాసుకున్నది నిజానికి మందు తర్వాతదే! అప్పటికే తెరుచుకున్న గొట్టాల్ని సాల్బుటమాల్ ఇంకెంత తెరుస్తుంది? దానికితోడు రెండు వారాలుగా బుడెసొనైడ్ లోపలి వాపుని తగ్గిస్తూ వచ్చింది. ఇన్ని జరిగాక కూడా 200 మిల్లీలీటర్లు కదిలింది చూడండి.

రివర్సిబిలిటీ కోసం పరీక్షకి వచ్చేవాళ్లు సాల్బుటమాల్ లాంటివి 4 గంటలు, ఫార్మోటెరాల్ లాంటి రోజుకి రెండుసార్లు వాడేవి 24 గంటలు, రోజుకి ఒకసారి వాడేవి 36 గంటలు ఆపి రావాలి. ఈ మాట అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. మా ల్యాబ్‌లో ఫోన్ చేసి చెప్తాం, అయినా సగంమంది పీల్చే వస్తారు. అప్పుడు రిపోర్ట్ పైన ‘ఫలానా మందు ఫలానా టైముకి తీసుకున్నారు’ అని రాయడం నాకు అలవాటు. అది రాయకపోతే చదివే డాక్టరుకి తెలిసే దారే లేదు. మీ రిపోర్ట్ మీద అది ఉందేమో చూడండి. లేకపోతే మీరే డాక్టరు గారికి చెప్పండి. మీరు ఆ రోజు చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

అలాగని ఇది చదివి రేపే ఇన్‌హేలర్ ఆపేసి మళ్లీ పరీక్షకి పరుగెత్తకండి. ఎన్ని గంటలు ఆపొచ్చు, అసలు ఆపొచ్చా లేదా అన్నది డాక్టరు చెప్పాలి. రాత్రి మెలకువ వచ్చేంత దగ్గున్న మనిషి మందు మానేయడం చిన్న విషయం కాదు. ఆపిన మధ్యలో ఆయాసం వస్తే పీల్చేయండి, పరీక్షది ఏముంది, ఇంకో రోజు పెట్టుకోవచ్చు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, పఫ్ తీసుకున్నా తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టులు, ఫోరమ్‌లు పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

గ్రేడ్ సంగతి మర్చిపోయాను. ఊదడం ఎంత సరిగ్గా జరిగిందో చెప్పే అక్షరం అది. మూడు మంచి ఊదుళ్లు ఉండి, వాటిలో పెద్దవి రెండూ 150 మిల్లీలీటర్ల తేడా లోపల ఉంటే ఏ. మీకు ఒకసారి చివర్లో దగ్గొచ్చి ఆగింది కాబట్టి ఆ ఊదు ఎఫ్‌వీసీకి పనికిరాలేదు, మిగిలిన రెండూ సరిపోయాయి, అందుకే బీ. దగ్గు మొదటి సెకను దాటాక వచ్చింది కనక ఎఫ్‌ఈవీ1కి ఏ నిలబడింది. మీ అంకెలు నమ్మదగ్గవే. డీ, ఈ, ఎఫ్ ఉన్న కాగితాలు పట్టుకుని జబ్బు ఉందా లేదా అని వాదించుకునేవాళ్లని చూస్తుంటాను. అక్కడ ముందు మళ్లీ ఊదించాలి.

గ్రాఫ్ కూడా ఓసారి చూడండి. నిటారుగా పైకి లేచి, శిఖరం నుంచి కిందికి దిగే గీత ఉంటుంది. అది దాదాపు తిన్నగా దిగితే మంచిదే. గొట్టాలు ఇరుకైనప్పుడు ఆ గీత మధ్యలో లోపలికి పల్లం పడుతుంది. అంకెలు హద్దులో ఉన్నా ఆ పల్లం ముందే కనిపించే సందర్భాలుంటాయి.

బాబు_అమ్మ:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా బాబుకి ఎనిమిదేళ్లు. ఆడుకుని వస్తే దగ్గు, ఆయాసం. వాడి రిపోర్ట్‌లో ఎఫ్‌ఈవీ1 92% ఉంది, నిష్పత్తి 74 ఉంది. ‘70 దాటితే చాలు, కంగారేం లేదు’ అని తెలిసినవాళ్లు అంటున్నారు. ఎల్‌ఎల్‌ఎన్ గడిలో 78 ఉంది. ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది.

ఊదించేవాడు:

అమ్మా, టెన్షన్ పడకండి, కానీ ఆ 70 లెక్కని బాబుకి పెట్టకండి. 70 అన్నది ఎక్కువగా పొగతాగే పెద్దవయసు వాళ్లలో వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు కోసం వాడే గీత. వయసుతోపాటు ఈ నిష్పత్తి సహజంగానే తగ్గుతూ వస్తుంది. డెబ్బై దాటిన తాతగారికి 68 వచ్చినా నార్మల్ కావచ్చు. పిల్లల గొట్టాలు వాళ్ల ఊపిరితిత్తుల సైజుకి బాగా వెడల్పు, గాలంతా చకచకా వచ్చేస్తుంది. 85, 90 వాళ్లకి మామూలు. వాడి హద్దు 78 అని మిషనే చెప్తోంది, వాడిది 74. ఎఫ్‌ఈవీ1 92% ఉంది కదా అని దాన్ని వదిలేయకూడదు. పిల్లల్లో ఎఫ్‌ఈవీ1 బాగానే ఉండి నిష్పత్తి మాత్రం పడిపోవడం మేం తరచూ చూసేదే.

బాబు సరిగ్గా ఊదాడా లేదా అన్నది కూడా చూడాలి. ఆ వయసు పిల్లలు ఇద్దరు ముగ్గురిలో ఒకరు మొదటి రెండు ఊదులు ఆటగా ఊదేస్తారు. గ్రేడ్ ఏముందో చూసుకుని పిల్లల డాక్టరుకి చూపించండి. మందు తర్వాత అంకెలు లేకపోతే అవీ చేయించమని అడగండి.

పల్మో_పీజీ:

ఊదించేవాడు గారు చెప్పినదానికి నాదొక చిన్న చేర్పు. నేను ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను.

12 శాతం, 200 మిల్లీలీటర్లు అన్నది ఇంకా విస్తృతంగా వాడుతున్న లెక్కే. అమెరికన్, యూరోపియన్ శ్వాస సంఘాల 2022 ప్రమాణం మాత్రం దాన్ని మార్చింది. పెరుగుదలని మొదటి అంకెతో కాకుండా అంచనా విలువతో పోల్చి, 10 శాతం దాటితే స్పందన ఉన్నట్టు అంటుంది. నీలిమ గారి అంచనా దాదాపు 2.88 లీటర్లు అయ్యుంటుంది, అందులో 200 మిల్లీలీటర్లు అంటే 7 శాతం. ఏ లెక్కలో చూసినా ఆ రోజుకి రివర్సిబిలిటీ లేనట్టే.

ఆస్తమాలో ముఖ్యంగా చూసేది గాలి ప్రవాహం మారుతూ ఉండటం. ఇవాళ ఒకలా, వారం తర్వాత ఇంకోలా, పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. ఒక్క ఉదయం చేసిన పరీక్ష ఆ మార్పుని పట్టుకుంటే మంచిదే, పట్టుకోకపోతే జబ్బు లేదని అర్థం కాదు. అలాగే మందుతో తగ్గింది కాబట్టి ఆస్తమానే అని తీర్మానించడమూ తొందరపాటే. జలుబు తర్వాతి దగ్గు దానంతటదే కూడా తగ్గుతుంది కదా. హరి గారి మాటలో ఆ మేరకు నిజముంది.

ఇంకొకటి. గ్రాఫ్‌లో గాలి పీల్చేటప్పటి కింది వంపు కూడా గుండ్రంగా ఉందో లేదో చూస్తాం. అది చదునుగా ఉంటే గొంతు దగ్గర, స్వరపేటికలో ఏమైనా అడ్డు ఉందేమోనని అనుమానిస్తాం. అలాంటివాళ్లు కూడా ఆస్తమా అనుకుని ఏళ్ల తరబడి ఇన్‌హేలర్లు వాడుతుంటారు.

హరి_కె:

సరే, ఆపేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం. ఫెనో అని ఇంకో ఊదే పరీక్ష ఉందట, అది చేయిస్తే తేలిపోతుందని విన్నాను. మరి నేరుగా అదే రాయొచ్చుగా?

ఊదించేవాడు:

మంచి ప్రశ్నే. ఫెనో పూర్తిగా వేరే సంగతి. అక్కడ ఆయాసపడి ఊదక్కర్లేదు, పది సెకన్లపాటు మెల్లగా ఒకే వేగంతో ఊదాలి. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో కొలుస్తుంది. ఎలర్జీ తరహా వాపు గొట్టాల్లో ఉంటే అది పెరుగుతుంది. పెద్దవాళ్లలో 50 పీపీబీ (వందకోట్ల వంతుల్లో 50) దాటితే ఎక్కువ, 25 కంటే తక్కువైతే తక్కువ. పిల్లలకి ఈ గీతలు 35, 20. మధ్యలో పడితే మధ్యలోనే, అటూ ఇటూ చెప్పలేం.

తేలిపోతుందా అంటే, తక్కువ వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదనలేం, ఎలర్జీ లేని ఆస్తమాలో పెరగదు. సిగరెట్ తాగేవాళ్లలో తగ్గుతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెట్టాక కూడా తగ్గుతుంది, అంటే నీలిమ గారికి ఇప్పుడు చేస్తే మళ్లీ అదే చిక్కు. ఉత్త ముక్కు ఎలర్జీ ఉన్నవాళ్లకి పెరుగుతుంది. లక్షణాలతో కలిపి చూస్తే ఉపయోగం, ఒంటరిగా చూస్తే తప్పుదారి పట్టిస్తుంది. ఒకే రోజు రెండు పరీక్షలూ ఉంటే ఫెనో ముందు చేస్తాం, గట్టిగా ఊదాక ఆ అంకె మారుతుంది కాబట్టి.

పల్మో_పీజీ:

అప్పటికీ తేలకపోతే మెథాకోలిన్ పరీక్ష ఉంది. గొట్టాలు బిగుసుకునేలా చేసే మందుని కొద్దికొద్దిగా పెంచుతూ పీల్పించి, ఎఫ్‌ఈవీ1 20 శాతం ఎంత డోసుకి పడిపోతుందో చూస్తాం. తక్కువ డోసుకే పడిపోతే గొట్టాలు అతిసున్నితంగా ఉన్నట్టు. లక్షణాలున్న మనిషి ఇన్‌హేలర్ వాడని స్థితిలో ఇది నెగటివ్ వస్తే ఆస్తమా కాకపోవచ్చని కాస్త గట్టిగానే చెప్పొచ్చు. ఎఫ్‌ఈవీ1 బాగా తక్కువున్నవాళ్లకి చేయం. నిపుణుల సమక్షంలోనే చేయాలి.

ఊదించేవాడు:

పీజీ గారు చెప్పినవి పెద్ద పరీక్షలు. నీలిమ గారి విషయంలో నాకైతే ముందు గుర్తొచ్చేది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం, పీక్ ఫ్లో మీటర్. ఊపిరి ఎంత వేగంగా బయటికొస్తుందో నిమిషానికి లీటర్లలో చూపిస్తుంది. పెద్ద మిషన్ ముందు జనం దాన్ని బొమ్మలా చూస్తారు గానీ, తెల్లవారుజామున మూడింటికి జరిగేది పదిన్నరకి ల్యాబ్‌లో ఎలా దొరుకుతుంది? ఇంట్లో ఉన్న మీటరైతే పొద్దున లేవగానే పట్టుకుంటుంది.

డాక్టరు ఒప్పుకుంటే రెండు వారాలు రాయండి. పొద్దున లేచాక ఇన్‌హేలర్‌కి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. నిలబడి, ముల్లు సున్నాకి దించి, నిండా పీల్చి, పెదాలు బిగించి ఒక్క ఊపున ఊదాలి. స్పైరోమెట్రీలా సాగదీయకూడదు, దెబ్బ కొట్టినట్టు ఒక్కటే. మూడుసార్లు ఊదాలి. నాలుక రంధ్రానికి అడ్డం పడకుండా చూసుకోండి, ఉమ్మినట్టు ‘థూ’ అని ఊదితే అంకె దొంగలెక్క ఎక్కువ చూపిస్తుంది. మీటరు మార్చకండి, కంపెనీ మారితే అంకె 20 శాతం దాకా తేడా రావచ్చు.

లెక్క ఇలా. పొద్దున 310, సాయంత్రం 370 వచ్చిందనుకుందాం. తేడా 60. రెండింటి సగటు 340. 60ని 340తో భాగిస్తే 17.6 శాతం. ఇలా ప్రతిరోజుకీ కట్టి రెండు వారాల సగటు తీస్తారు. పెద్దవాళ్లలో ఆ సగటు 10 శాతం దాటితే, పిల్లల్లో 13 దాటితే మామూలు కంటే ఎక్కువ ఊగుతున్నట్టు. ఇన్‌హేలర్ వాడుతుంటే ఊగడం తగ్గుతుంది, అదీ డాక్టరు లెక్కలోకి తీసుకుంటారు.

నీలిమ_34:

అందరికీ చాలా థాంక్స్. డాక్టరు గారిని కలిసొచ్చాను. ముందుగా పొద్దున ఏడింటికి పీల్చి వెళ్లిన సంగతే చెప్పాను. ఆయన రిపోర్ట్ మళ్లీ చూసి, దాని మీద ఆ మాట లేదని కాస్త విసుక్కున్నారు, నా మీద కాదులెండి. గ్రాఫ్ చూపించి, బట్టలారేసే తాడు వేలాడినట్టు మధ్యలో కొంచెం వంగి ఉంది చూడండి అన్నారు. ఇన్‌హేలర్ కొనసాగించమన్నారు. పీక్ ఫ్లో చార్ట్ రాయమన్నారు. తర్వాత ఆయన చెప్పిన పద్ధతిలో మందు తగ్గించి మళ్లీ స్పైరోమెట్రీ చేద్దామన్నారు. ‘ఆస్తమా కావచ్చు’ అన్న మాటని ‘ఆస్తమా’ అని మార్చలేదు, కొట్టేయనూ లేదు.

చార్ట్ మొదలుపెట్టాను. ఒక చిన్న సందేహం. ఇవాళ పొద్దున మూడుసార్లు ఊదితే 300, 330, 320 వచ్చాయి. సగటు రాయాలా? ఇంకోటి, రాత్రి దగ్గుతో లేచినప్పుడు కూడా ఊదాలా?

ఊదించేవాడు:

సగటు కాదండీ, మూడింటిలో పెద్దదే రాయాలి. 330. మిగతా రెండూ వదిలేయండి. మీ మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఊదడం బాగానే కుదిరింది.

రాత్రి లేచినప్పుడు ఊదగలిగితే ఊది, టైము వేసి పక్కన విడిగా రాయండి, పొద్దున లెక్కలో కలపకండి. ముందు మీకు ఊపిరి ఆడటం ముఖ్యం. ఉపశమనానికి డాక్టరు ఏం తీసుకోమన్నారో అది తీసుకోండి, తీసుకున్నట్టు కూడా చార్ట్‌లోనే రాయండి. జలుబు చేసిన రోజు, దుమ్ములో పనిచేసిన రోజు, దగ్గు లేకుండా నిద్రపోయిన రోజు, అన్నీ ఒక్కో ముక్క రాసుకుంటూ పోండి. డాక్టరు అంకెలతోపాటు ఆ ముక్కలు కూడా చదువుతారు.